మందునీళ్లు

నర్సు హెచ్ఐవీ రిపోర్టును బల్లమీద బోర్లించి పెట్టింది. అది చూడగానే ఎదురుగా కూర్చున్న దర్జీ భార్యకు సంగతి అర్థమైపోయింది.

“ఆయనది నాకూ అంటుకుందా అక్కా?”

నర్సు తలూపింది. “లోపల ఏమైనా వాడుతున్నావా? యోని లోపలి పొరంతా ఒరుసుకుపోయి ఉందని డాక్టరమ్మ రాశారు.”

“ఆయన పక్కకొచ్చినప్పుడల్లా క్రిములు చంపే మందునీళ్లతో లోపలిదాకా కడుక్కుంటున్నా. మంట పుట్టినా మానలేదు.”

“అయ్యో పిచ్చిదానా. అక్కడ మనల్ని కాపాడే మంచి క్రిములుంటాయి. కడిగేస్తే అవి పోతాయి, పొర దెబ్బతింటుంది. రోగం ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. ఏ మహాతల్లి చెప్పింది నీకీ వైద్యం?”

దర్జీ భార్య గొంతు పెంచలేదు.

“మీరే అక్కా. పోయిన ఏడాది ఆయన రిపోర్టు వచ్చిన రోజు, సొరుగులోంచి కండోమ్ తొడుగుల పెట్టె తీశారు. గుమ్మంలో మా అత్త కనబడేసరికి మళ్లీ లోపలికి తోసేశారు. మందునీళ్లతో శుభ్రంగా కడుక్కుంటే చాల్లే అని పంపించారు.”

నర్సు సొరుగు లాగింది.

పెట్టె అక్కడే ఉంది. దానిమీది కాగితం పట్టీ ఇంకా చింపలేదు.