వదులైన తోలుపట్టీ

నిన్న మన క్షౌరం కొట్లో నన్ను తలెత్తుకోలేకుండా చేశావు మామయ్యా.

కత్తి నూరే తోలుపట్టీని బిగించి పట్టుకోకపోతే అంచు మొద్దుబారుతుందని నా నెత్తిన మొట్టి నేర్పింది నువ్వే. అలాంటిది నువ్వే పట్టీని ఉయ్యాలలా వేలాడేసి నూరావు. ఆ కత్తితో గీస్తే మాస్టారి గడ్డం తెగింది. "పట్టీ పట్టుకోవడం కూడా చేతకాకపోతే ఇంట్లో కూర్చోరాదూ!" అని అరిచాను. గడ్డానికొచ్చిన వాళ్లంతా నవ్వారు. "నిజమేరా అల్లుడూ, ముసలాణ్ణయ్యా," అని నువ్వూ నవ్వి, చొక్కా తొడుక్కుని వెళ్లిపోయావు.

ఇవాళ పొద్దున పట్టీ తీస్తే, చేత్తో పట్టుకునే కొసన కడెంలా ఓ తోలుముక్క కుట్టి ఉంది. మణికట్టు దూరేంత. చెమటకు నల్లబడి, కుట్టు తెగి వేలాడుతోంది. వేళ్లలో పట్టున్న మనిషికి దాంతో పనేముంది? ఎన్నాళ్లుగా మణికట్టుతో లాగుతున్నావు? పక్క కుర్చీ దగ్గరే నిలబడి నేనేం చూశాను?

చెప్పకుండా దాచావు చూడు, అదొక్కటే నీ తప్పు. మిగతాదంతా నాది.

దాన్ని మళ్లీ కుట్టనివ్వను. ఇకమీదట పట్టీ నేను లాగి పట్టుకుంటాను, కత్తి నువ్వు నూరు. శనివారంలోగా వస్తున్నానని కబురు పెట్టు. లేదంటే ఆదివారం, ఆ నవ్విన వాళ్లందరినీ వెంటేసుకుని నీ గుమ్మం ముందుకొస్తాను.