చేదు లేని వేపాకు

"పామమ్మో! నా బిడ్డను పాము కరిసెనమ్మో!"

ఏడేళ్ల కూతురు హులిగిని చంకనేసుకుని గిడ్డమ్మ శెనక్కాయ చేన్లోంచి పరుగెత్తుకొచ్చింది. పసరు మందులిచ్చే భీమమ్మ వాకిట్లో నాపరాళ్ల మీద కూలబడింది.

"పాము కాదమా, రేగుముల్లు!" హులిగి గింజుకుంది. "నేనే పీకి పారేస్తి."

"ముల్లయితే యాడుండాది, సూపీ! గట్టు మీద బారెడు కుబుసం ఉండాది భీమక్కా, నా కండ్లతో సూస్తి!"

భీమమ్మ పాప కాలు తిప్పి చూసింది. మడమ పక్కన ఎర్రగా ఒక్కటే చుక్క. ఒక కోర దిగి రెండోది జారిందేమో అనుకుంది గిడ్డమ్మ. పిల్ల దగ్గితే క్షయ, కడుపు నొస్తే కలరా అని వణికే మనిషి ఆమె. డోన్ ఆసుపత్రికి పోదామంటే సాయంత్రం దాకా రైలు లేదు. అంతలోపల విషం తలకెక్కదూ! ఆమె కళ్ల ముందు అప్పుడే గుంత తవ్వేస్తున్నారు.

"అరవగాకు మే. విషమెక్కిందీ లేందీ ఆకే సెబుతాది" అంటూ భీమమ్మ పెరట్లోంచి గుప్పెడు వేపాకు దూసుకొచ్చింది. విషమెక్కిన నాలుక్కు వేపాకు చేదు తెలియదని ఆ ఊళ్లో పెద్దోళ్లందరికీ తెలుసు.

హులిగి నమిలింది. మూతి ముడవలేదు, ఉమ్మలేదు. మేకపిల్ల మాదిరి నమిలి మింగేసింది.

"చేదుగుండాదా పాపా?"

"లేదవ్వా."

భీమమ్మ మొహం మాడిపోయింది. "ఇంగో గుప్పెడు తిను."

తినింది. "ఏం లేదవ్వా. బాగుండాది."

ఈ చెట్టు ఆకే చప్పగుందేమోనన్న ఆశతో గిడ్డమ్మ తనూ రెండాకులు నోట్లో వేసుకుంది. చేదు గొంతు దాకా పాకింది. థూ అని ఊసి బావురుమంది. "నాకు తెలుస్తాండాదే! నా బిడ్డకు తెలీలేదే! పాయె భీమక్కా, నా బిడ్డ పాయె!"

"విషం దించే ఈశ్వరి వేరు నూరేంత యాళ కూడా లేదు" అంది భీమమ్మ. కొడవలి తీసి పొయ్యిలో దూర్చింది. కొన ఎర్రగా కాలింది. "కాలు గట్టిగా పట్టుకో. కాటు కాల్చాల. కదిలితే నరం తెగి జన్మంతా కుంటిదైతాది."

గిడ్డమ్మ కళ్లు మూసుకుని కూతురి కాలును రెండు చేతులా నేలకదిమింది. కొడవలి సెగ ముందు ఆమె వేళ్లకే తగిలింది.

"అమా, వద్దమా! ఆకంతా తింటి గదా! నేనేం చేస్తి?"

"చేదు లేదంటివి గదనే తల్లీ! చేదు లేదంటే విషమెక్కినట్టే గదనే!"

హులిగి వెక్కుతూనే కసిరింది.

"చేదెట్లుంటాదమా? కడుపులో పురుగులు పడతాయని రోజూ పరగడుపున నా నోట్లో నువ్వు కుక్కే ఉండ ఈ ఆకుదే గదా!"