సున్నాకు దిగిన తప్పు

పెళ్లై పన్నెండు రోజులే. మా ఆయన, దివాకర్ బావకు అన్నం డబ్బా తీసుకుని రాత్రి కోరుట్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి కంప్యూటరు గడియారాన్ని సిరిసిల్ల మగ్గాల షెడ్డులోని కంప్యూటరుతో కలుపుతున్నాడు. రెండింటి టైంలో తప్పు ఒక మిల్లీసెకను లోపుకు దిగితే ఆయన ఉద్యోగం పర్మినెంటు.

“టైం ఎంతని మనం అడిగింది సిరిసిల్లకు పోయి, జవాబు అచ్చేదానికి పట్టే టైంల సగం దాకా తప్పు ఉంటది. గంత దూరం ఉన్నంక ఎట్ల తగ్గుతది?” అన్నాడు.

తెర మీద తప్పు నాలుగు మిల్లీసెకన్లు. చూస్తుండగానే రెండైంది. తర్వాత అర.

“నీ అసొంటోడు జిల్లాల లేడు బావా!” గర్వంతో చప్పట్లు కొట్టాను.

ఆయన నవ్వలేదు. “నేనేం ముట్టలేదే. సిరిసిల్ల నుంచి గింత జల్ది జవాబు రాదు. జవాబిచ్చేది దగ్గరికి అస్తున్నది.”

మెట్ల మీద మగ్గం ఆడుతున్నట్టు చప్పుడు. బావ లేచి తలుపు గడియ పెట్టాడు. చప్పుడు ఆగింది.

తెర మీద తప్పు సున్నా అయింది.