పనికిరాని చప్పుడు

“పదకొండు నిమిషాలేమిటయ్యా? రెండు గంటలిచ్చాను నీకు!”

పెద్దావిడ ఫోను తెచ్చి కౌంటరు మీద టప్పున పెట్టింది. కంప్యూటరు షాపతను తల కూడా ఎత్తలేదు. ఈ వారంలో ఆవిడ రావడం ఇది మూడోసారి.

వీధిలో అందరూ అతన్ని జిప్పు మాస్టారంటారు. ఎంత లావు ఫైలునైనా నొక్కి నొక్కి ఈమెయిల్లో పట్టేలా చేసిస్తాడు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వమే. అలాంటి పనికి జనం ముందు వంక పెడుతుంటే ఒళ్లు మండిపోయింది.

“అమ్మా, మొన్న మీరేమన్నారు? పోయిన మా ఆయన చివరి రికార్డింగు, ఆడబిడ్డకి పంపాలి, పెద్దదైపోయి వెళ్లడం లేదు అన్నారు. చిన్నది చేసిచ్చాను. వెళ్లిందా లేదా?”

“వెళ్లింది. అది విని ఆవిడ నన్ను తిట్టిపోసింది. మా తమ్ముణ్ణి ఎక్కడ పారేశావే అని.”

జెరాక్సు కోసం నిలబడ్డ దర్జీ కిసుక్కున నవ్వాడు. “మాస్టారూ, మా ఆవిణ్ణి కూడా కాస్త నొక్కి పెట్టవయ్యా. పదకొండు నిమిషాల్లో తిట్లయిపోతాయి.”

“నువ్వు నోర్ముయ్యి,” అంది పెద్దావిడ. దర్జీ కాగితాలు తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

షాపతను కుర్చీ వెనక్కి నెట్టాడు. “వినండి. నొక్కడంలో రెండు రకాలున్నాయి. ఒకటి జిప్పు. ఉత్తరంలో ‘క్షేమం’ అన్న మాట వందసార్లు వచ్చిందనుకోండి. ఒకచోట రాసి, తక్కిన చోట్ల చిన్న గుర్తు పెడతాం. విప్పితే పొల్లు పోకుండా అంతా తిరిగొస్తుంది.”

“మరి అదే చెయ్యకపోయావా?”

“శబ్దం దాంతో పెద్దగా తగ్గదమ్మా. అందుకే రెండో రకం. చెవికి అక్కర్లేనిది తీసిపారేస్తాం. మీది మాటల రికార్డింగు కదా, మాటలే ఉంచమని పెట్టాను. మాట లేనిచోటల్లా అదే కత్తిరించేసింది. ఫ్యాను రొద, దగ్గు, మంచం మీద టకటక, గొంతులో గరగర, అన్నీ పనికిరాని చప్పుళ్లే.”

“పనికిరానివని నీకెవరు చెప్పారు?”

“మెషీనుకి తెలుస్తుంది.”

“దానికి నా మొగుడు తెలుసా?”

అతను పళ్లు కొరికాడు. ఆవిడ వదల్లేదు.

“రోజూ మధ్యాహ్నం అది చెవి దగ్గర పెట్టుకుంటేనే నాకు కన్ను మూతపడేది. ఆయన పక్కనే ఉన్నట్టుండేది. నిద్ర పోయి నాలుగు రోజులైంది. తీసినవన్నీ మళ్లీ పెట్టు.”

“ఈ రకంలో తీసింది తిరిగి రాదమ్మా.”

“సరే, పాతదివ్వు. నా రెండు గంటలు నాకివ్వు.”

షాపతను మానిటరు వైపు తిరిగాడు. కాసేపు మౌసు అటూ ఇటూ జరిపాడు.

“మీ ఫోనులో చోటు లేదని... పాతది తీసేశాను. ఇక్కడి కాపీ కూడా ఆ సాయంత్రమే పోయింది. రోజూ అన్నీ తుడిచేస్తాం.”

ఆవిడ కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“ఒక్క మాట అడగాలని తోచలేదా నీకు? పరాయి ఇంట్లో సామాను బయట పారేసేముందు, ఇది కావాలా అమ్మా అని అడగరా ఎవరైనా?”

తప్పు తనదేనని తెలుస్తున్నకొద్దీ అతని గొంతు పైకి లేచింది. “సాయం చేసినందుకు బాగా బుద్ధి చెప్పారు! ఏం పోయిందో ఇప్పుడే తేల్చుకుందాం.” ఫోను లాక్కుని రికార్డింగు పెట్టాడు.

“ఆఁ... అలాగా... సరే సరే, మందు వేసుకున్నాక చెబుదురుగాని... అబ్బ, నవ్వించకండి, గ్లాసు ఒలుకుతుంది... మీ అక్కయ్యకా? పంపిస్తాలెండి...”

అన్నీ ఆవిడ మాటలే. అతను ముందుకు జరిపి చూశాడు, ఇంకా ముందుకు జరిపి చూశాడు. చివరిదాకా ఆవిడ గొంతు తప్ప మరో గొంతు లేదు.

“విన్నారా?” కౌంటరు మీద అరచేత్తో చరిచాడు. “మీ మాట ఒక్కటీ పోలేదు. గుసగుసలు కూడా వదలదిది. ఆ రోజు సారు మీ మీద అలిగి నోరు విప్పకపోతే దానికి నేనా బాధ్యుణ్ణి? మెషీను మింగేసిందా? ఆయన ఒక్కటంటే ఒక్క మాట అన్నట్టు చూపించండి, రేపట్నుంచి ఈ షాపు మూసేస్తాను!”

పెద్దావిడ ఫోను చేతిలోకి తీసుకుంది. అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“మా ఆయన పుట్టుమూగ.”