పదకొండో గది లెక్క

"ఆరుగురికి ఆరుగురా? సరిగ్గా చూసినావా సునీతా?"

క్యాంపు బాస్ ఇర్ఫాన్ నిలబడే కాగితం అందుకున్నాడు. కడపవాడు, తొందర మనిషి. సౌదీలో, సులైలోని ఈ లేబర్ క్యాంపులో రెండు వందల నలభై మంది తిండీ నిద్రా జబ్బూ జ్వరం అన్నీ అతని నెత్తిమీదే.

"రెండుసార్లు చూశానండి," అంది నర్సు సునీత. "మొన్న సాయంత్రం గదిగదికీ డబ్బాలు పంచాను. నిన్న పొద్దున్నే మూత్రం పట్టి తెచ్చిచ్చారు. పదకొండో గదివి ఆరు డబ్బాలు. ఆరింట్లోనూ ప్రోటీన్ పోతోంది. బాగా పోతోంది. కిడ్నీలు దెబ్బతింటున్నట్టే."

"క్యాంపంతా ఇట్లే ఉండాదా?"

"లేదు, అదే నాకు అంతుపట్టడం లేదు. ఇప్పుడు జబ్బున్నవాళ్లు పాతా కొత్తా కలిపి పదమూడు మంది. దాన్ని ప్రివలెన్స్ అంటాం. అందులో నలుగురు నిరుటినుంచీ ఉన్నవాళ్లే. వాళ్లను పక్కనపెట్టి, ఈ ఏడాదిలో కొత్తగా ఎవరికొచ్చిందో చూస్తే అది ఇన్సిడెన్స్. ఈ గది వదిలేస్తే, మిగతా రెండు వందల ముప్పై మందిలో కొత్తగా వచ్చింది ముగ్గురికి. అంటే నూటికి ఒకరు, కాస్త పైన. ఈ గదిలో నూటికి నూరు."

"అంటే ఏమని?"

"ఆ గదిలో ఏదో ఉందని. నీళ్లో, తిండో, వేసుకునే మాత్రలో. పరీక్ష చేసే స్ట్రిప్పులు అయిపోయాయి. ఒక్క వారం ఆగితే వస్తాయి, మళ్లీ చూస్తాను."

"వారమా? మద్యాన్నం జుహర్ నమాజు లోపల కాగితాలు పోవాల. నీడపట్టున చేసే పనులు నాలుగే ఉండాయి, అవి పాతోళ్లతో నిండిపాయ. కొత్తోళ్లకు ఫైనల్ ఎగ్జిట్టే, ఇంగ తిరిగి రాకుండా ఇంటికి. పైనుంచి ఆర్డరు. నాకు మాత్రం బాగుంటాదా?"

సునీతకు ఒళ్లు మండింది. మనుషుల్ని ఎండలో పిండుకోవడానికి ఏళ్లకు ఏళ్లు కావాలి, ఇంటికి తోలెయ్యడానికి ఒక పూట చాలు. మాటకు మాట అనే ఓపిక లేక, పెన్నూ కాగితమూ తీసుకుని పదకొండో గదికి నడిచింది. జుహర్‌కు ఇంకా గంటన్నర ఉంది.

ఆరుగురినీ ఆ రోజు సైటుకు పంపలేదు. ఎవరి మంచం మీద వాళ్లు కూర్చున్నారు. అందరూ జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లు. పెద్దవాడు దేవన్న, యాభై దాటాయి. పదహారేళ్లుగా ఒక్కరోజు జ్వరమని పడుకున్న మనిషి కాదు. ఈ క్యాంపులో రోగమెరుగని వాడెవరంటే అందరూ అతన్నే చూపిస్తారు. చిన్నవాడు భూమేష్, వచ్చి రెండేళ్లు. వీళ్లతోనే ఉండే హన్మాండ్లుకు పోయిన రంజాన్ ముందు షుగరని తేలితే, మూడో రోజే విమానం ఎక్కించారు. అప్పట్నుంచీ పరీక్ష అంటేనే ఈ గదికి వణుకు.

"ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడిగింది సునీత.

"అందరు తాగేటియే సిస్టర్. ట్యాంకు ఒక్కటే గదా," అన్నాడు దేవన్న.

"నొప్పుల గోళీలేమైనా వేసుకుంటున్నారా?"

"ఎప్పుడన్న ఒకటి. గంతే."

"కాళ్లు వాచడం గానీ, మూత్రంలో నురగ గానీ ఎవరికైనా ఉందా?"

దేవన్న కాళ్లు మంచం కిందికి లాక్కున్నాడు. సునీత ఒక్కొక్కరి ముఖమూ చూసింది. జబ్బుందని నిన్ననగా చెప్పినా, ఒక్కడూ తనకేమవుతుందని అడగడం లేదు. ఇదేం మొండితనం అనిపించింది ఆమెకు.

"చూడండి, నేను మీ మీద నేరం మోపడానికి రాలేదు. కారణం దొరికితే ఇర్ఫాన్ గారితో మాట్లాడి ఆపిస్తాను. దొరక్కపోతే గంటలో ఆరుగురికీ ఎగ్జిట్ కొడతారు."

భూమేష్ మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

"నా పోరగాండ్లు ఇప్పుడిప్పుడే ఇస్కూల్‌కు పోతున్నరు," అన్నాడు. మళ్లీ తలెత్తి, "దేవన్నా, నీ మొహం ఎట్ల జూడాల్నే," అన్నాడు.

"ఏడ్వకురా. నువ్వేం జేసినవ్?" అన్నాడు దేవన్న.

పెద్దవాడి ముందు ఏడ్చినందుకు సిగ్గుపడుతున్నాడనుకుంది సునీత. ఆర్నెల్లుగా ఈ క్యాంపులో జబ్బులు లెక్కపెడుతోంది గానీ, తాను రాసే అంకె ఇంత బరువని ఎప్పుడూ అనిపించలేదు. ఇంక అడగడానికేమీ లేక లేవబోయింది.

"సిస్టర్, ఒక్క మాట," అన్నాడు దేవన్న. "గీ రోగం ఒక్కనికే ఉంటే ఏం జేస్తుండ్రి?"

"ఆ ఒక్కరినే పంపుతారు. మిగతా ఐదుగురి జోలికి రారు. కానీ ఇక్కడ ఒక్కరు కాదు కదా దేవన్నా."

"పోయినోనికి నయమైతదా?"

"ఇంటికెళ్లి వెంటనే చూపించుకుంటే మందులతో కిడ్నీలను నిలబెట్టొచ్చు. దాచిపెట్టుకుని ఇంకో రెండేళ్లు ఎండలో చేస్తే మాత్రం కష్టం."

దేవన్న గదంతా చూశాడు. ఐదు తలలూ వంగే ఉన్నాయి.

"వద్దన్నా," అన్నాడు భూమేష్.

"ఊకోరా." దేవన్న మంచం పట్టీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. "పెన్ను తియ్యుండ్రి సిస్టర్. ఆరు కొట్టేసి ఒకటి రాయుండ్రి."

"అలా ఎలా రాస్తాను? ఆరు డబ్బాలూ నా చేత్తో పరీక్ష చేశాను."

"నాకే రోగం లేదనుకొని, ఆ ఆరు డబ్బాలల్ల పోసింది నేనొక్కన్నే."