పదో లెవెల్ జాకెట్టు

నానాజీ మళ్లీ మునిగిపోయాడు.

పడవ అంచున చెయ్యి కాసేపు కనిపించింది. తర్వాత అదీ లేదు. కంప్యూటర్ తెర నిండా నీలం నీళ్లు మిగిలాయి. వాటి మీద 'మళ్లీ మొదలుపెట్టాలా?' అని అక్షరాలు వచ్చాయి. కొర్లయ్య కీబోర్డు మీంచి చేతులు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. చేతులకు తడి లేదు.

"ఎప్పుడూ ఆ అల మీదకే పోతావేటి మామా? చుట్టు తిరిగి రావచ్చు కదా" అన్నాడు మోహిత్.

"అలకి సుట్టుదారి ఉంటాదేటి?"

మోహిత్ నవ్వాడు. తువ్వాలు అంచున ఎర్రదారంతో కుట్టిన 'కొర్లయ్య' అన్న పేరు చూశాడు. "అదేటి మామా, బళ్లో చేరిన పిల్లోడిలాగ పేరు కుట్టించుకున్నావు?"

"మా సెల్లి కుట్టింది. పడవలో అందరి బట్టలూ కలిసిపోతాయని మా ఇంట్లో అందరియ్యీ కుట్టేది. ఎవుడిది ఆడికే సెందాలని."

"ఎలాగుంది అచ్చియమ్మత్త?"

"నాతోటి మాటాడ్డం లేదు."

"కొడుకు పోయిన బాధ మామా. మెల్లగా అదే సర్దుకుంటాది."

కొర్లయ్య మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మనిషికి పేరు పెట్టమని తెర అడిగితే, ఒక్కో అక్షరం వెతుక్కుని నానాజీ అనే కొట్టాడు.

అనకాపల్లి గవరపాలెంలో, మేడ మీద గది అది. మోహిత్ అక్కడే కూర్చుని విశాఖపట్నంలోని ఒక కంపెనీకి ఆన్‌లైన్ ఆట తయారుచేస్తున్నాడు. సముద్రం మీద వేట ఆట. ఆడేవాడు కొత్తగా పడవెక్కిన కుర్రాడిగా మొదలవుతాడు. నీళ్లు తోడతాడు, తాడు పడతాడు, వల వేస్తాడు. ఒక్కో లెవెలూ ఎక్కుతూ పదో లెవెల్లో తండేలు అవుతాడు, అంటే పడవకు పెద్ద. ఏ లెవెల్లో ఏ సామాను చేతికి రావాలో తేల్చడమే మోహిత్ పని.

సముద్రం సంగతులు చెప్పడానికి రాజయ్యపేట నుంచి కొర్లయ్యను పిలిపించుకున్నాడు. వరసకు ఏమీ కాడు, కానీ ఆ పక్క పెద్దవాళ్లంతా మామలే. కొర్లయ్య చాలా ఏళ్లు తండేలుగా చేశాడు. పోయిన వానాకాలం పడవ బోల్తా పడ్డాక మళ్లీ నీళ్లలోకి దిగలేదు. ఆ రోజు ఆయన ఒడ్డుకు చేరాడు. చెల్లెలు అచ్చియమ్మ కొడుకు నానాజీ చేరలేదు. వాడికి అదే మొదటి వేట.

ముసలాయన ఆటలో ఆ పేరే ఎందుకు పెడుతున్నాడో మోహిత్‌కు తెలుసు. మొదట్లో జాలిపడ్డాడు. చూసిచూసి అలవాటైపోయింది.

"బాబూ, ఒక మాట."

"మళ్లీ జాకెట్టేనా?"

"మరే. ఇందాక మునిగినప్పుడు ఆడి మూటలో లైఫ్ జాకెట్టుంది. నేను సూసేను. మరి ఏసుకోడేటి?"

"దొరుకుతాది మామా. తొడుక్కోడానికి లాక్ ఉంటాది. పదో లెవెల్‌కి వస్తేనే ఊడుతాది. అంతవరకూ మొయ్యాలి, లేపోతే తండేలుకి ఇచ్చేయాలి. ఇస్తే పాయింట్లొస్తాయి."

"ఆడికి దొరికింది ఆడేసుకుంటే ఏటి పోద్ది?"

"ఆట పోద్ది! మొదటిరోజే అన్నీ ఒంటిమీదకొచ్చేస్తే రెండోరోజు ఎవడాడతాడు? కళ్లెదురుగా ఉండి అందకూడదు. అయినా ఇది నా బుర్రలో పుట్టింది కాదు. నువ్వు చెప్పిందే."

నిజమే. మొదటిసారి వచ్చినప్పుడు కొర్లయ్యే చెప్పాడు. కొత్తోడికి నీళ్లు తోడే డబ్బా, జాకెట్టు తండేలుకి. పెద్దోడి ముందర కుర్రోడు జాకెట్టు తొడిగితే మరేద కాదు, పడవంతా పిరికోడని నవ్వుద్ది. ఆ మాట విని మోహిత్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"అప్పుడు సెప్పేను. ఇప్పుడు తీసెయ్యమంటన్నాను."

ఇంతలో ఫోన్ మోగింది. కంపెనీ నుంచి రాజశ్రీ మేడం. మోహిత్ స్పీకర్ ఆన్ చేశాడు.

"మోహిత్, టెస్టింగ్‌లో అందరూ ఆ జాకెట్ లాక్ గురించే మాట్లాడుతున్నారు. తిట్టుకుంటూ ఆడుతున్నారు. దాన్ని మాత్రం ముట్టుకోకు. ఇప్పుడే అప్‌లోడ్ చేసెయ్. బొమ్మ తర్వాత మార్చుకుందాం, అసలు జాకెట్ ఫోటో ఒకటి పంపించు."

"సరే మేడం." ఫోన్ పెట్టేశాడు. "విన్నావా మామా?"

"ఇన్నాను. ఆ మేడంతో నేను మాటాడతాను, ఇయ్యి."

"నా ఉద్యోగం ఊడగొడతావేటి? బొమ్మ మామా అది! చచ్చినా మీట నొక్కితే లేస్తాడు."

"లేత్తన్నాడు. లేసి మళ్లీ మునిగిపోతన్నాడు."

మోహిత్ గొంతు తగ్గించాడు. "చూడు మామా. ఆ రోజు పడవలో ఉన్నది ఒక్కటే జాకెట్టు. తండేలుది, నువ్వు తొడుక్కున్నావు. నీ తప్పేటుంది? ఊరంతా అదే అంటన్నారు."

"ఊరు అంటాది" అన్నాడు కొర్లయ్య.

మోహిత్ మీట నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండింది. అది పూర్తిగా నిండేదాకా కొర్లయ్య కళ్లార్పకుండా చూశాడు. అప్పుడు కాళ్ల దగ్గర సంచీలోంచి నారింజరంగు జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫోటోకి కావాలని మొన్న నువ్వూ అడిగేవు కదా."

"ఇదేనా ఆ రోజుది? కొత్తదానిలాగుందే!"

"ఒక్కసారే ఏసేను." కొర్లయ్య లేచాడు. "ఉన్నదున్నట్టు గియ్యమను. ఏదీ సెరపొద్దను."

"మరి తీసుకెళ్లవా?"

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

మోహిత్ జాకెట్టును బల్ల మీద పరిచి ముందువైపు ఫోటో తీశాడు, తిప్పి వెనకవైపు తీశాడు. లోపల ఎలా ఉంటుందో కూడా కావాలి కదా అని కాలరు మడిచాడు. ఉప్పు పట్టి బిరుసెక్కింది. లోపల ఎర్రదారం కనిపించింది. అచ్చియమ్మత్త దీన్నీ వదల్లేదన్నమాట అనుకుని, నవ్వుకుంటూ ఫోన్‌ను ఇంకా దగ్గరికి జరిపాడు.

అక్కడ కుట్టిన పేరు నానాజీ.