ఫొటో మీద దుమ్ము

"తాతా, గేటు తియ్యవా? ఎంతసేపు నిలబడాలె?"

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు. మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ దాకా ఎండలో నడిచొచ్చిన ఆనంద్ కుమార్‌కు ఒళ్లు మండిపోయింది.

వాచ్‌మన్ సీతారాములు లోపలి గోడ దగ్గర ఉన్నాడు. అక్కడ కట్టిన ఫ్లెక్సీని భుజం మీది తువ్వాలుతో తుడుస్తున్నాడు. అక్కడే చదువుతూ, కిందటేడాది ఉద్యమంలో ప్రాణాలు విడిచిన మహేందర్ ఫొటో అది. పిల్లలే చందాలేసుకుని కట్టారు.

"ఒస్తున్న బిడ్డా."

మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి గేటు తీశాడు. అప్పటికే పరీక్ష మొదలైపోయింది.

ఆనంద్ నేరుగా మేనేజర్ విజయదుర్గ గదిలోకి వెళ్లాడు.

"మేడం, గీ ముసలాయనతోని అయితలేదు. కాటికి కాళ్లు సాపినోళ్లే కొలువులు పట్టుకొని కూసుంటే మా అసొంటోళ్లకు ఏడికెళ్లి దొరుకుతయి? మా తమ్ముడు ఊర్ల ఖాళీగ ఉన్నడు."

"పెద్దాయన కదయ్యా, ఉన్నపళంగా ఎలా పొమ్మంటాం?"

"ఇంట్ల కూసొని కృష్ణా రామా అనుకొమ్మనుండ్రి."

మర్నాడు మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చి అదే పాట పాడాడు. నెల తిరిగేసరికి గేటు దగ్గర కుర్చీలో తమ్ముడు కూర్చున్నాడు.

వెళ్లిపోయే రోజు సీతారాములు ఆనంద్ దగ్గర ఆగాడు.

"గా ఫొటో మీద దుమ్ము పడుతది బిడ్డా. జర చూసుకోండ్రి."

"అదంత మేం చూసుకుంటం. నువ్వు పో తాతా."

చూసుకోలేదు. తమ్ముడు ఫోన్‌లోంచి తలెత్తితే కదా. ఆనంద్ కూడా రోజూ దాని ముందు నుంచే నడిచాడు. దుమ్ము కంటబడలేదు.

ఫిబ్రవరిలో మహేందర్ వర్ధంతి వచ్చింది. వాళ్ల నాన్నకు సన్మానం చేద్దామన్నారు. మహేందర్ పాత స్నేహితుడెవరో అల్మాస్‌గూడలో ఇంటి గుర్తులు చెప్పాడు. తెలిసినవాళ్ల బండి అడిగి తీసుకుని, శాలువా పట్టుకుని ఆనందే బయల్దేరాడు. ఆ తండ్రి కాళ్లకు దండం పెట్టాలని దారంతా అనుకున్నాడు.

రేకుల ఇల్లు. తలుపు తీసింది సీతారాములు.

"నువ్వు గీడున్నవేంది తాతా? మహేందర్ వాళ్ల నాయిన ఇల్లు ఏది?"

ముసలాయన శాలువా వంక చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, అరుగు తుడిచి, కూర్చోమన్నాడు.

ఆ తువ్వాలు చూశాక ఆనంద్ సిగ్గుతో చచ్చిపోయాడు.

సీతారాములు మెల్లగా అడిగాడు. "నా కొడుకు మొకం రోజు తుడుస్తున్రా, బిడ్డా?"